మూడింటికి మైదానం వద్దండి

జిల్లా క్రీడాధికారి గారికి నమస్కారం.

నేను కోనసీమలో అథ్లెట్లకు ఫిట్‌నెస్ కోచ్‌ని. ఈ మే నెలలో మా పిల్లలకు మధ్యాహ్నం మూడింటికి మైదానం కేటాయించారు. మన దగ్గర ఎండ ఒక్కటే కాదండి, ఉక్క కూడా. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ప్రాక్టీసుకు ముందూ తర్వాతా బరువు చూస్తాను. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టే. మొన్న ఒకమ్మాయి కిలోన్నర తగ్గింది. నీడలో కూర్చోబెట్టి ఉప్పేసిన మజ్జిగ తాగించాను.

2023లో జరిగిన ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిచిన సాత్విక్‌ది అమలాపురమని ప్రతి సభలో చెప్పుకుంటాం. ఆయన ఆట పైకప్పు కింద. మా పిల్లల పరుగు నడినెత్తిన ఎండతో.

ఉదయం ఐదింటికే గేటు తాళం తీయించండి. సాయంత్రానికి నాలుగు లైట్లు వేయించండి. వానాకాలం నీళ్లు నిలిచే గొడవ మరో ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
ఒక కోచ్