మన పరుగు సంఘం వార్షిక నివేదిక, సిరొంచ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కమిటీ సమావేశాల్లో అన్నిటికన్నా ఎక్కువసేపు మాట్లాడుకున్నది ట్రైనింగ్ ప్లాన్‌లో వారాలు, రోజులు ఎలా లెక్కపెట్టాలన్న విషయమే. అందుకే ముందు అదే రాస్తున్నాను.

ప్రాణహిత ఒడ్డున పొద్దున్నే నడిచేవాళ్ల కోసం 9 వారాల ప్లాన్ మొదలుపెట్టాం. 1996లో జాష్ క్లార్క్ తయారుచేసిన 'కౌచ్ టు 5కె' ఇది, అంటే పరుగు అలవాటు లేనివాళ్లను 5 కిలోమీటర్ల పరుగు దాకా తీసుకెళ్లే ప్లాన్. వారానికి 3 పరుగులు. మొదటి వారం 5 నిమిషాలు చురుగ్గా నడిచి, తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక చొప్పున 20 నిమిషాలు చేయాలి. 9వ వారానికి ఆగకుండా 30 నిమిషాలు పరిగెత్తగలగాలి.

కాగితం మీద "వారం 1, రోజు 2" అని ఉంటుంది. మనకు చిక్కు వచ్చింది అక్కడే. ఏడు రోజులు కలిసినా వారమే, సోమవారమూ వారమే. "ఇవాళ ఏ వారం?" అని అడిగితే ఒకరు గురువారం అన్నారు, ఇంకొకరు మూడో వారం అన్నారు. మరాఠీ బడిలో చదివే పిల్లలు 'ఆఠవడా' అంటారు కాబట్టి వాళ్లకు ఈ తికమక లేదు. కొందరు రోజు 1 సోమవారం, రోజు 2 మంగళవారం అనుకుని వరుసగా మూడు రోజులు పరిగెత్తేశారు. పిక్కలు పట్టేశాయి. అక్కడ రోజు 2 అంటే ఆ వారంలో రెండో పరుగు అని మాత్రమే అర్థం. మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి.

నన్ను బాగా బాధపెట్టిన విషయం ఒకటుంది. జ్వరంతో పది రోజులు రాలేకపోయిన ఒక అక్క, "అందరూ 5వ వారంలో ఉన్నారు, నేను వెనకబడిపోయాను" అని మానేసింది. ప్లాన్‌లోని వారం గోడమీది క్యాలెండర్‌తో పాటు కదలదు. మనం చేస్తేనే కదులుతుంది. ఆగినచోట నుంచో, ఒక వారం వెనక్కి వెళ్లో మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. మేం ఇంటికి వెళ్లి మాట్లాడాక అక్క మళ్లీ వస్తోంది.

5వ వారం మూడో పరుగు ఒకేసారి 20 నిమిషాలు ఉంటుంది. 6వ వారం మొదటి పరుగు 5, 8, 5 నిమిషాల ముక్కలు. అది చూసి అచ్చుతప్పు అనుకున్నవాళ్లున్నారు. తప్పు కాదు, పెద్ద పరుగు తర్వాత కాళ్లకు కావాలనే ఇచ్చిన వెసులుబాటు.

హాఫ్ మారథాన్‌కు సిద్ధమైన మన సభ్యుడి ఇబ్బంది వేరే. ఆయన తెచ్చుకున్న ప్లాన్‌లో అంకెలు పోటీకి ఇంకా ఎన్ని వారాలు ఉందో చెబుతాయి. పైన 12, చివర 1. ఆయన 1 నుంచి మొదలుపెట్టారు. అది పోటీకి ముందు కాళ్లకు విశ్రాంతినిచ్చే వారం కాబట్టి హాయిగా గడిచింది. ఆ తర్వాత ఒక్కసారిగా ప్లాన్ మొత్తంలో అతి పొడవైన పరుగు మీద పడి, మోకాలు నొప్పి తెచ్చుకున్నారు.

పోలీసు భర్తీకి తయారయ్యే పిల్లలకు ఆ ఎదురు లెక్క అసలు కుదరదు. అబ్బాయిలకు 1600 మీటర్లు, అమ్మాయిలకు 800 మీటర్లు పరుగు ఉంటుంది. కానీ మైదానం పరీక్ష ఎప్పుడో ముందుగా తెలియదు, ఆ టెన్షన్ వాళ్లకు ఎలాగూ ఉంటుంది. తేదీ లేకుండా వెనక్కి ఎలా లెక్కపెడతాం? అందుకని 4 వారాల ప్లాన్‌ను తిప్పి తిప్పి చేయిస్తున్నాం. తేదీ వచ్చాకే ఎదురు లెక్క మొదలవుతుంది.

ఇప్పుడు మన బోర్డు మీద "మూడో వారం, రెండో పరుగు" అని పూర్తిగా రాసి, కింద తేదీ, రోజు పేరు రాస్తున్నాం. పోటీ ప్లాన్ అయితే "ఇంకా ఇన్ని వారాలు" అని వేరే రంగు సుద్దతో రాస్తున్నాం.

జమాఖర్చుల కాగితం విడిగా జతచేశాం. ఎండాకాలంలో ఉదయం 5 గంటలకే మొదలుపెట్టాలని తీర్మానించాం. చేసిన పరుగులు రాసుకునే పుస్తకాలు ఇంకా ఇవ్వనివాళ్లు సర్వసభ్య సమావేశానికి తెచ్చి ఇవ్వండి. ఎవరు ఏ పరుగు దగ్గర ఆగారో చూసి, కొత్త ప్లాన్ అక్కడి నుంచే రాస్తాం.

కార్యదర్శి