కొండ కంటే తిరుగుదారే కష్టం

కె.ఆర్.పురం,
బెంగళూరు

అమ్ములూ,

డిసెంబరు సెలవుల్లో మీ ఫ్రెండుతో కలిసి మన ఇంటినుంచి హార్స్‌లీ హిల్స్‌కు సైకిల్ మీద పోతానన్నావు. పోండి. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని రాసి పంపుతున్నాను. చెన్నైలో రైలెక్కేలోపు ఆ అమ్మాయికి కూడా చదివి వినిపించు.

ఇద్దరూ ఆ ఘాట్ గురించే బెంగపడుతున్నారు. ఘాట్ చివరి తొమ్మిది, పది కిలోమీటర్లే. అసలు లెక్క వేరే ఉంది. బెంగళూరు దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది, మదనపల్లె 700 దగ్గర. అంటే పోయేటప్పుడు దారిలో మిట్టలున్నా మొత్తం మీద దిగుడే. కొండ పైకి మళ్లీ 1,200 మీటర్లు దాటిన ఎత్తుకు ఎక్కుతారు. రెండోరోజు కొండ దిగాక, అలిసిన కాళ్లతో మదనపల్లె నుంచి మన ఇంటిదాకా ఎక్కుడే. కాబట్టి మొదటిరోజు రోడ్డు బాగుంది కదా అని తొక్కిపారేయొద్దు. గాలి మాత్రం మీ పక్షమే. చలికాలంలో ఇక్కడ తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. పోయేటప్పుడు ముఖాన కొట్టినా వచ్చేటప్పుడు వీపున తోస్తుంది. జూన్, జూలైల్లో దీనికి తలకిందులు. ఎక్కుడూ ఎదురుగాలీ ఒకే రోజు పడతాయి. అప్పుడైతే నేనే వద్దనేదాన్ని.

నీ సైకిల్‌కు ముందు పళ్లచక్రాలు రెండు, 50 పళ్లది, 34 పళ్లది. వెనక క్యాసెట్‌లో, అంటే పళ్లచక్రాల గుత్తిలో, 11 నుంచి 28 పళ్ల దాకా ఉన్నాయి. ఊళ్లో తిరగడానికి సరే, బ్యాగుతో ఘాట్ ఎక్కడానికి చాలదు. ముందు 34, వెనక 28 మీద గంటకు తొమ్మిది కిలోమీటర్ల వేగంతో ఎక్కితే కాళ్లు నిమిషానికి 58 సార్లే తిరుగుతాయి, బరువంతా మోకాళ్ల మీదే. వెనక 34 పళ్లుంటే అదే వేగానికి 70 సార్లు తిరుగుతాయి. అందుకే 11–34 క్యాసెట్ వేయిస్తున్నాను. దాంతోపాటు చైన్ కూడా కొత్తది, పొడవు పెంచి. పాత చైన్ కొత్త పళ్ల మీద జారుతుంది. పొట్టి చైన్ పెద్ద పళ్లచక్రం మీద బిగుసుకుని, గేరు మార్చేటప్పుడు చైన్‌ను పక్కకు జరిపే డీరెయిలర్‌ను విరిచేస్తుంది. ఆ అమ్మాయిని తన చైన్ కొలుచుకోమను. ఒక పిన్ను నడిమధ్యన స్కేలు సున్నా పెడితే, సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను నడిమధ్య రావాలి. అంగుళంలో పదహారో వంతు అవతలికి పోయిందంటే చైన్ మార్చాల్సిందే.

తన సైకిల్ రైల్లో వస్తోంది గనక గేర్ హ్యాంగర్ వంగి ఉండొచ్చు. అది డీరెయిలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క. వెనకనుంచి చూస్తే డీరెయిలర్ రెండు చిన్న పుల్లీలూ క్యాసెట్‌కు సమంగా నిట్టనిలువునా ఉండాలి. లోపలికి వంగితే వెనక పెద్ద పళ్లచక్రం మీదికి వేసినప్పుడు డీరెయిలర్ స్పోకుల్లో పడుతుంది, అదీ సరిగ్గా ఘాట్ మీదే. ఫ్రేము ఫ్రేముకూ హ్యాంగర్ మారుతుంది, దారిలో ఏ షాపులోనూ దొరకదు. స్పేర్ ఒకటి చెన్నైలోనే కొనుక్కోమను.

టైర్లు 28 మిల్లీమీటర్లవి, నీ బరువుకు వెనక 75, ముందు 68 పీఎస్ఐ గాలి చాలు. రాయిలాగా గట్టిగా కొట్టిస్తే వేగం పెరగదు, నడుము పోతుంది. ట్యూబులు తలా రెండు, ప్యాచ్ డబ్బా ఒకటి, పంపు మాత్రం ఇద్దరికీ వేరువేరుగా. పంక్చర్ అయితే చకచకా కొత్త ట్యూబు వేసేయడం కాదు. హైవే అంచున పగిలిన లారీ టైర్ల ఇనుప తీగలుంటాయి, వెంట్రుకంత సన్నగా. బయటికి కనపడవు, టైరు లోపల మొన ఒక్కటే పొడుచుకుని ఉంటుంది. పాత చీరగుడ్డతో టైరు లోపలంతా మెల్లగా తుడువు. తీగ ఉన్నచోట పోగు తగులుకుంటుంది. అది పీకకుండా వేస్తే పదినిమిషాల్లో మళ్లీ అదే పని. టైరు మీది పేరును ఎప్పుడూ వాల్వు దగ్గరికే వచ్చేట్టు ఎక్కించు. ట్యూబులో బొక్క ఎక్కడుందో చూస్తే టైరులో ముల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది.

పొద్దున అయిదు లోపలే బయల్దేరండి. తీగల వంతెన దగ్గర లారీలు ఏ వేళైనా ఉంటాయి, హొసకోట దాకా ఒకరి వెనక ఒకరు, వెనక ఎర్రలైటు వెలుగుతూ. ముందు చక్రం ముందున్నవాళ్ల వెనక చక్రాన్ని దాటి ఉండకూడదు. తగిలితే పడేది వెనకున్నవాళ్లే. హొసకోటలో చింతామణి రోడ్డు పట్టాక నందగుడి, హెచ్.క్రాస్, కైవార క్రాస్ వరసగా వస్తాయి. చింతామణి దగ్గరపడేకొద్దీ అంగళ్లలో తెలుగే వినపడుతుంది. కైవార తాతయ్య, అదే యోగి నారేయణ, కీర్తనలు పాడింది ఎక్కువగా తెలుగులోనే మరి. టిఫిన్ చింతామణిలో చేయండి. ఇడ్లీలు ఎన్నైనా సరే, పూరీలు వద్దు.

ఆకలేసేదాకా ఆగొద్దు. గంటకోసారి రెండు ఏలక్కి అరటిపళ్లు, ఒక పల్లీచిక్కీ. నీళ్లు గంటకు అరలీటరు తగ్గకూడదు, ఎండెక్కాక ముప్పావు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు కొలిచింది. సగం సీసాలో మొత్తం పోస్తే కడుపులో తిప్పుతుంది.

ఘాట్ మొదలయ్యే ముందే చిన్న గేరులోకి రావాలి. బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ ఇరుక్కుంటుంది. సగం తిప్పు కాలు వదులు చేసి మార్చు. అక్కడ ఇద్దరూ కలిసి ఎక్కాలని పట్టుపట్టొద్దు, ఎవరి ఊపు వాళ్లది. ముందు చేరినవాళ్లు పైన ఆగితే సరి. గది మాత్రం ముందే బుక్ చేయండి, డిసెంబరు శనాదివారాల్లో టూరిజం వాళ్ల హరిత హోటల్లో అప్పటికప్పుడు అడిగితే దొరకదు.

దిగేటప్పుడే నాకు దిగులు. మంచు విడిచాకే దిగండి. నీవి రిమ్ బ్రేకులు. పట్టుకునే దిగితే రిమ్ కాలి లోపలి ట్యూబు పేలుతుంది. రెండు బ్రేకులూ కలిపి గట్టిగా నొక్కు, వదులు, మళ్లీ నొక్కు. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. ఆ అమ్మాయివి డిస్క్ బ్రేకులు, పేలే భయం లేదు గానీ ప్యాడ్ మందం ఒక మిల్లీమీటరుకు వచ్చి ఉంటే బయల్దేరేముందే మార్చాలి. చైన్‌కు వేసే నూనె చుక్క డిస్క్ మీద పడిందంటే బ్రేకు పోయినట్టే. ఇద్దరి మధ్య ముప్పై మీటర్లు వదలండి.

తిరిగొచ్చేరోజు మధ్యాహ్నం ఒంటిగంటకు చింతామణి చేరకపోతే మొండికెయ్యొద్దు. అక్కడ టాటా ఏస్ ఒకటి మాట్లాడుకుని సైకిళ్లు అందులో వేసేయండి. ముందుచక్రం తీసి, సైకిల్‌ను ఎడమవైపు పడుకోబెట్టాలి, డీరెయిలర్ పైకి ఉండేలా. బాడుగ ఎక్కేముందే ఖాయం చేసుకోండి, డబ్బు ఇంటి దగ్గర నేనిస్తాను.

మీ అమ్మ