నమోదు పేజీలో జరిగిన తప్పు, టీనేజర్ల గోష్ఠిపై మా నిర్ణయం

పిల్లలు, టీనేజర్లు వినియోగదారులుగా ఎలా రూపుదిద్దుకుంటారన్న విషయంపై మేము నిర్వహించే సదస్సుకు ఏటా వచ్చే పరిశోధకులకు, అధ్యాపకులకు, ఈసారి టీనేజర్లే మాట్లాడే గోష్ఠికి తమ పిల్లలను పంపడానికి ఒప్పుకున్న తల్లిదండ్రులకు నమస్కారం. మా నమోదు పేజీలో ఒక ప్రకటనల నెట్‌వర్క్‌కు చెందిన ట్రాకింగ్ కోడ్ 11 రోజుల పాటు పనిచేసింది. పెద్దల ఫారంలోనే కాదు, 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు నింపిన ఫారంలోనూ అది ఉంది. పేర్లు, ఫోన్ నంబర్లు బయటికి వెళ్లలేదు కానీ, ఏ పరికరం నుంచి ఏ పేజీని ఎంతసేపు చూశారన్న వివరాలు ఆ నెట్‌వర్క్‌కు చేరాయి. దీన్ని మొదట గమనించినది మేము కాదు. తన కూతురి ఫోన్‌లో కనిపిస్తున్న ప్రకటనలను చూసి అనుమానం వచ్చిన ఒక తల్లి మమ్మల్ని అడిగితే, అప్పుడు వెతికాం.

ఆ నమోదు వ్యవస్థను మాకు అద్దెకిచ్చిన సంస్థతో ఆరేళ్లుగా పనిచేస్తున్నాం. పిల్లల ఫారంలో ప్రకటనలకు సంబంధించిన కోడ్ ఏదీ ఉండకూడదని నేనే పట్టుబట్టి ఒప్పందంలో ఒక వాక్యం రాయించాను, వారు సంతకం చేశారు. ఈ ఏడాది వారు తమ సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు మా పాత సెట్టింగులన్నీ చెరిగిపోయి ట్రాకింగ్ దానంతటదే మొదలైంది. మాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. నిలదీస్తే, అది ఖాతాదారులందరికీ ఉండే డిఫాల్ట్ సెట్టింగ్ అని, వద్దనుకుంటే మేమే ఆపుకోవలసిందని జవాబు వచ్చింది. ఒప్పందం చూపించాక, 13 ఏళ్లు నిండినవారి విషయంలో అమెరికా చట్టం అడ్డు చెప్పదు కదా అన్నారు. ఈ రెండో జవాబే నన్ను ఎక్కువగా నొప్పించింది.

వారు చెప్పిన చట్టం 1998లో చేసినది, 2000లో అమలులోకి వచ్చింది. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలను ఆన్‌లైన్‌లో సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అది చెబుతుంది. ఐరోపా సమాఖ్య డేటా రక్షణ నియమావళిలో పిల్లలు తమంతట తాము సమ్మతి ఇవ్వగల వయసు 16. సభ్య దేశాలు దాన్ని 13 దాకా తగ్గించుకోవచ్చు. అదే సమాఖ్య 2022లో తెచ్చిన డిజిటల్ సేవల చట్టం, మైనర్ల వ్యక్తిగత సమాచారంతో వారి ప్రొఫైల్ తయారుచేసి దాని ప్రకారం ప్రకటనలు చూపకూడదని ఆన్‌లైన్ వేదికలను ఆదేశించింది. ఒక్కో చట్టం ఒక్కో వయసు దగ్గర గీత గీసుకుంది తప్ప, పదమూడో పుట్టినరోజు నాటికి పిల్లలు ప్రకటనల నుంచి తమను తాము కాపాడుకోగలరని ఎవరూ రుజువు చేయలేదు.

మీలో చాలామందికి తెలిసిన పరిశోధనే దీనికి సాక్ష్యం. డెబోరా రోడర్ జాన్ 1999లో వినియోగదారులుగా పిల్లలు ఎదిగే క్రమాన్ని మూడు దశలుగా విభజించి, 11 నుంచి 16 ఏళ్ల మధ్య వారు మార్కెట్‌ను గురించి లోతుగా ఆలోచించగలుగుతారని చెప్పారు. అయితే ప్రకటన ఉద్దేశం అర్థమైనంత మాత్రాన దాని ప్రభావం నుంచి తప్పించుకోలేరని, శ్రద్ధ పెట్టి చూడకపోయినా మనసులో ముద్ర వేసే ప్రకటనలకు ఆ తెలివి అడ్డుకట్ట కాదని ఆగ్నెస్ నైర్న్, కార్డీలియా ఫైన్ 2008లో వాదించారు. ట్రాకింగ్ కోడ్ ఇంకా ఒక అడుగు ముందుకు పోతుంది: అది కంటికే కనపడదు కనుక, ఎంత చురుకైన పిల్లకైనా అక్కడ గుర్తుపట్టడానికి ఏమీ ఉండదు. ఇవన్నీ చర్చించడానికి పెట్టిన సదస్సులోనే ఇది జరిగినందుకు నాకు సిగ్గుగా ఉంది. వచ్చే ఏడాది సేవలు ఉచితంగా ఇస్తామని ఆ సంస్థ అన్నది, నేను ఒప్పుకోలేదు. అది మొండితనమని మా సిబ్బందే అన్నారు. అయినా సరే, వారితో మళ్లీ పనిచేయను.

మూడు వారాలు నాకు నిద్ర లేకుండా చేసినది మాత్రం వేరే ప్రశ్న: టీనేజర్ల గోష్ఠిని ఉంచాలా, రద్దు చేయాలా? రద్దు చేయడమే గౌరవమని సమీక్షక మండలిలో ఇద్దరు రాశారు. వారి మాటను తేలిగ్గా తీసుకోలేదు. ఒక రాత్రి రద్దు ప్రకటన రాసి కూడా పెట్టుకున్నాను. కానీ ఈ రంగం చాలాకాలం పిల్లలను గురించి పిల్లలు లేకుండానే మాట్లాడింది. 1974లో స్కాట్ వార్డ్ వినియోగదారుల సామాజికీకరణ (పిల్లలు వినియోగదారులుగా మెలగడం నేర్చుకునే క్రమం) అన్న చట్రాన్ని ప్రతిపాదించిన నాటి నుంచి, పిల్లలను రేపటి కొనుగోలుదారులుగా చూసే అలవాటు బలపడింది. 2004లో ఫ్రాన్స్‌లోని అంగులెమ్‌లో మొదలైన పిల్లల, టీనేజర్ల వినియోగంపై సదస్సులు మార్కెటింగ్ పండితులను, బాల్యాన్ని అధ్యయనం చేసే సామాజిక శాస్త్రవేత్తలను ఒకచోట కూర్చోబెట్టాక, ఈ రోజు పిల్లలు ఏం చేస్తున్నారు, ఏమనుకుంటున్నారు అన్న ప్రశ్నకు బలం వచ్చింది. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. తప్పు మా వైపు జరిగితే, మాట్లాడే అవకాశం పోగొట్టుకునేది పిల్లలా? ఆ ప్రశ్న దగ్గరే రద్దు ప్రకటనను చించేశాను.

గోష్ఠి జరుగుతుంది. పేరిచ్చిన 18 మందికీ జరిగినదంతా వారికి అర్థమయ్యే భాషలో రాసి పంపాం; వస్తారా అని మొదట పిల్లలను, ఆ తర్వాత పెద్దలను మళ్లీ అడిగాం. ఐదుగురు తప్పుకున్నారు, కారణం అడగలేదు. మిగిలిన 13 మంది సమ్మతి పత్రాలు కాగితం మీదే ఉంటాయి. గోష్ఠిని రికార్డు చేయం, ఫొటోలు తీయం, స్పాన్సర్ల ప్రతినిధులను ఆ గదిలోకి రానివ్వం.

తేదీలు మారలేదు. పత్ర సంగ్రహాలు వేరే వ్యవస్థలో ఉన్నాయి కనుక వాటికి ఇబ్బంది లేదు. ఇకపై నమోదు ఈమెయిల్ ద్వారానే జరుగుతుంది, ధ్రువీకరణకు మూడు రోజులు పడుతుంది. రాకూడదనుకున్నవారికి రుసుము పూర్తిగా తిరిగి ఇస్తాం. చేరిన వివరాలను చెరిపివేయాలని ఆ ప్రకటనల నెట్‌వర్క్‌కు రాశాం, లిఖితపూర్వకమైన జవాబు ఇంకా రాలేదు. వచ్చిన రోజున దాని ప్రతిని మీ అందరికీ పంపుతాను. సదస్సు మొదలయ్యే నాటికి రాకపోతే, రాలేదన్న సంగతిని ప్రారంభ సభలోనే చెబుతాను.