మెట్రో పేరు చెప్పి తీసుకున్న 4 లక్షల గురించి ఫిర్యాదు

మహబూబ్‌నగర్

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: బాలానగర్ మండలంలోని మీ వెంచర్‌లో 'మెట్రో ప్రీమియం' పేరిట వసూలు చేసిన డబ్బు తిరిగి ఇవ్వడం గురించి.

అయ్యా,

మా నాయన ఆర్టీసీలో కండక్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆ వచ్చిన డబ్బుతో 2023 దసరా ముందు మీ వెంచర్‌లో 200 గజాల ప్లాటు బుక్ చేశారు. ఆయన తరఫున కూతురుగా నేను ఈ లేఖ రాస్తున్నాను. రసీదుల నకళ్లు, మీ బ్రోచర్ జిరాక్స్ జతపరిచాను.

మీ ఏజెంట్ మా ఇంటికి వచ్చి బ్రోచర్‌లోని మ్యాప్ పరిచి, "షాద్‌నగర్ దాకా మెట్రో శాంక్షన్ అయింది సార్, అక్కడి నుంచి మన వెంచర్ పది నిమిషాలే" అన్నాడు. ఆ మ్యాపులో హైదరాబాద్ మెట్రో మియాపూర్ – ఎల్బీనగర్ లైన్‌ను ఏ రంగులో, ఎంత మందంగా గీశారో షాద్‌నగర్ లైన్‌ను కూడా అలాగే గీశారు. ఒకదాని మీద రైళ్లు తిరుగుతున్నాయి, రెండోది కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. ఆ తేడా చెప్పే ఒక్క ముక్క కూడా బ్రోచర్‌లో లేదు. హైవే వైపు ప్లాట్లకు గజానికి 2,000 రూపాయలు అదనంగా వేసి, రసీదులో 'మెట్రో ప్రీమియం' అని మీరే రాశారు. అలా మా దగ్గర తీసుకున్నది 4 లక్షలు.

అప్పటికి జరిగింది ఇంతే. 2023 జులై 31న రాష్ట్ర మంత్రివర్గం 69,000 కోట్లతో భారీ మెట్రో విస్తరణకు ఒప్పుకుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ నుంచి కొత్తూరు మీదుగా షాద్‌నగర్ వరకు 28 కిలోమీటర్ల లైన్ అందులో ఒకటి. డీపీఆర్ (పూర్తి వివరాల ప్రాజెక్టు నివేదిక) కావాలి, కేంద్రం అనుమతి రావాలి, అప్పు పుట్టాలి, టెండర్లు పిలవాలి. అన్నిటికంటే ముందు, ఆ లైన్ మొదలయ్యే ఎయిర్‌పోర్ట్‌కే మెట్రో రాలేదు. రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్ట్ వరకు 31 కిలోమీటర్ల లైన్‌కు 2022 డిసెంబర్ 9న శంకుస్థాపన అయితే జరిగింది. కొత్త ప్రభుత్వం వచ్చాక 2023 డిసెంబర్‌లోనే ఆ మార్గాన్ని ఆపేసింది.

ఈ సంగతి అన్ని పేపర్లలోనూ వచ్చింది. మీ ఆఫీసుకు తెలియకుండా ఉండదు. అయినా 2024 ఫిబ్రవరిలో ఆఖరి వాయిదా కట్టించుకుని రిజిస్ట్రేషన్ చేసిన రోజు మీవాళ్లు ఒక్క మాట చెప్పలేదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. ఆ రోజు చెప్పి ఉంటే మా నాయన ప్రీమియం లేని వెనక వరస ప్లాటు అడిగేవారు.

తర్వాత 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించి కేంద్రానికి పంపిన రెండో దశలో 5 కారిడార్లు, 76.4 కిలోమీటర్లు ఉన్నాయి. వాటిలో షాద్‌నగర్ లేదు. ఎయిర్‌పోర్ట్ లైన్ ఉంది గానీ అది నాగోలు నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వస్తుంది. మా తమ్ముడి ఉద్యోగం రాయదుర్గం పక్కనే ఉన్న హైటెక్ సిటీలో. షాద్‌నగర్‌లో ఎక్కితే ఎయిర్‌పోర్ట్ మీదుగా నేరుగా రాయదుర్గంలో దిగొచ్చు, ఇక సిటీలో అద్దె కట్టే పని లేదని మీ ఏజెంట్ లెక్క చెప్పింది వాడికే. ఇప్పుడు ఎయిర్‌పోర్ట్ లైన్ కట్టినా వాడికి అది ఊరు చుట్టూ తిరిగే దారి. ఎయిర్‌పోర్ట్ నుంచి, ప్రభుత్వం కొత్తగా కడతామంటున్న ఫ్యూచర్ సిటీకి అంటున్న లైన్ కూడా మన బెంగళూరు హైవే వైపు వచ్చేది కాదు.

ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ వాళ్లు "ప్రభుత్వం మారితే మేమేం చేస్తామమ్మా" అన్నారు. ప్రభుత్వాలు మారతాయి, ప్లాన్లు మారతాయి. నగరం నడిబొడ్డున, మొదటి దశలోనే ఉన్న ఎంజీబీఎస్ – ఫలక్‌నుమా ముక్కే కట్టకుండా మిగిలిపోయింది. ఈ వ్యాపారంలో ఉన్న మీకు అది మాకంటే బాగా తెలుసు. ప్రభుత్వం మమ్మల్ని గజానికి 2,000 అడగలేదు, మీరు అడిగారు. నా ఫిర్యాదు మీ మీదే.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం, 2016లోని సెక్షన్ 12 ప్రకారం, ప్రకటనలోనో బ్రోచర్‌లోనో ఉన్న తప్పు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి ప్రమోటర్, అంటే వెంచర్ వేసిన మీరే, పరిహారం ఇవ్వాలి. ప్లాటు వెనక్కి తీసుకోమని మేము అడగడం లేదు. ఆ మట్టి మీద మా నాయనకు ప్రేమ ఉంది, ఇప్పటికే కంచె వేసి వేప మొక్కలు నాటుకున్నారు. ప్రీమియంగా తీసుకున్న 4 లక్షలు, కట్టిన తేదీ నుంచి వడ్డీతో సహా ఆయన ఖాతాలో వేయండి.

ఇంకొకటి. జడ్చర్లలో మీ హోర్డింగ్ మీద ఆ మెట్రో బొమ్మ ఇప్పటికీ ఉంది. బొంబాయికి, పుణెకు వలస పోయి కూడబెట్టిన పైసలతో పాలమూరు జనం ఆ బొమ్మ చూసి మీ ఆఫీసు మెట్లెక్కుతున్నారు. దాన్ని వెంటనే తీసేయండి. బ్రోచర్‌లో ఆ లైన్ కొట్టేయండి. మాలాగా ప్రీమియం కట్టిన మిగతావారికి కూడా ఇప్పుడున్న పరిస్థితి రాతపూర్వకంగా తెలియజేయండి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా మా ఇంటి చిరునామాకు రాతపూర్వకంగా జవాబు పంపండి. ఫోన్‌లో చెప్పే మాటలు మాకు వద్దు. జవాబు రాకపోతే ఇవే కాగితాలతో తెలంగాణ రెరాలో ఫిర్యాదు వేస్తాం.

ఇట్లు,
ప్లాటు కొనుగోలుదారు తరఫున, ఆయన కుమార్తె

జతపరిచినవి: రసీదుల నకళ్లు, బ్రోచర్ జిరాక్స్, హోర్డింగ్ ఫొటో