వేళ్ళు కాగనిదే పియానో మూత తెరవవద్దు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

క్రిస్మస్ కార్యక్రమం నాడు మన తొమ్మిదో తరగతి అమ్మాయి పియానో వాయిస్తూ మధ్యలో ఆగిపోయి, కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని వేదిక దిగిపోవడం మీలో చాలామంది కళ్ళారా చూశారు. చూడని వారికి ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో వీడియో అందింది. దాని కింద మీరు రాసినవన్నీ నేనూ చదివాను. పియానో పాతబడిందని కొందరు, సంగీతం టీచరు ఒత్తిడి పెట్టారని కొందరు, దిష్టి తగిలిందని కొందరు రాశారు. వచ్చే ఏడాది పదో తరగతి పెట్టుకుని ఈ వాయింపులు ఎందుకని ఒక తండ్రిగారు అడిగారు. ఆ అమ్మాయి ఇంట్లోవారి అనుమతి తీసుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎముకకు ఏమీ కాలేదు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి స్నాయువు మణికట్టు దగ్గర వాచిందని డాక్టరుగారు చెప్పి, ఆ చేతికి విశ్రాంతి ఇమ్మన్నారు.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. ఆ రోజు అతిథుల కోసం హాలులో ఏసీని 18 మీద పెట్టించింది నేనే. శాలువాలు, జ్ఞాపికలు, వాటి పైన నా ప్రసంగం కలిసి నలభై నిమిషాలు దాటింది. అంతసేపూ ఆ పిల్ల ఏసీకి ఎదురుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని మొదటి వరుసలో కూర్చుంది. వేదిక ఎక్కబోతుండగా అభినందిద్దామని చెయ్యి పట్టుకుంటే, వేళ్ళు ఫ్రిజ్‌లోంచి తీసిన బెండకాయల్లా తగిలాయి. అప్పుడైనా ఒక్క ఐదు నిమిషాలు ఆపవలసింది. ముఖ్య అతిథిగారికి రైలు వేళవుతోందన్న తొందరలో ఆపలేదు.

అయితే అదొక్కటే కారణం కాదు. మన హాలులోని పియానోకు వేళ్ళతో నొక్కే మెట్లు 88 ఉన్నాయి. మెట్టు నొక్కినప్పుడల్లా లోపల ఒక సుత్తి లేచి తీగను కొట్టాలి కనుక, ఒక్కో మెట్టు దిగడానికి సుమారు 50 గ్రాముల బరువు పడాలి. ఇళ్ళలో మీరు కొనిపెట్టిన 61 మెట్ల కీబోర్డులలో సాధారణంగా సుత్తి ఉండదు, మెట్టు వేలు తగిలితే చాలు దిగిపోతుంది. అలాంటి తేలిక మెట్లకు అలవాటుపడిన వేళ్ళు ఒక్కసారిగా బరువు మెట్ల మీదికి వస్తే శ్రమ పడతాయి. పైగా కార్యక్రమానికి ముందు నాలుగు రాత్రులు, రికార్డులు రాయడం ముగిశాక, కీబోర్డును మంచం మీద పెట్టుకుని, తాను కింద నేల మీద బాసింపట్టు వేసుకుని, ఆ అమ్మాయి మూడేసి గంటలు సాధన చేసిందని తల్లిగారే చెప్పారు. శ్రద్ధకు సంతోషించాను కానీ, మంచం మీద మెట్లు ఎత్తుగా, మోచేతులు కిందికి ఉండి, మణికట్టు వంగిపోతుందని గుర్తించవలసింది మనం పెద్దవాళ్ళమే.

ఈ వంగడం విషయంలో నాకు కొంచెం ఆవేశం ఎక్కువ, మన్నించండి. మీ ఎడమ ముంజేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకుని ఎడమచేతి వేళ్ళను ఆడించి చూడండి, మోచేతికి దగ్గరగా కదలిక తెలుస్తుంది. వేళ్ళను ముడిచి చాచే ప్రధాన కండరాలు ముంజేతిలో ఉంటాయి. వేళ్ళలో కండరాలు లేవు, అక్కడికి చేరేది స్నాయువులు మాత్రమే. వేళ్ళను ముడిచే స్నాయువులు మణికట్టు లోపలి ఇరుకైన సొరంగంలోంచే వెళతాయి, బొటనవేలికి, చూపుడు వేలికి స్పర్శనిచ్చే నాడి కూడా ఆ దారిలోనే వెళుతుంది. మణికట్టు వంచి గంటల తరబడి వేళ్ళను ఆడిస్తే ఆ ఇరుకులో రాపిడి, ఒత్తిడి పెరుగుతాయి. అందుకే ముందు భుజాలు తిప్పాలి, చేతులు వేలాడదీసి విదిలించాలి. చేతులు చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉంచి, తడి తుడుచుకుని, అప్పుడు మెట్ల ముందు కూర్చోవాలి. కూర్చున్నాక కూడా ఐదు వేళ్ళకు ఐదు పక్కపక్క స్వరాలు, ఒక్కో చెయ్యి విడివిడిగా, నెమ్మదిగా, మెత్తగా వాయించాలి. పెద్ద సాగతీతలు ఆఖరున రావాలి. ఒక స్థాయికి, అంటే కింది స నుంచి పై స వరకు, ఎనిమిది తెల్లమెట్లు, దాదాపు 19 సెంటీమీటర్లు. అంత మేర చల్లని చిన్న చేతిని మొదటి నిమిషంలోనే చాపమనడం అన్యాయం.

ఇదంతా పాశ్చాత్య సంగీతం వాళ్ళ గొడవ అని ఒకరు రాశారు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం పేరు తెలియని వాళ్ళం కాము కదా మనం. నాదస్వరం పట్టేవారు దాని మూతికి అమర్చే పీకను తడుపుకోనిదే ఊదరు. మన వీధుల్లో డప్పు వాయించేవారు గడ్డిమంట మీద డప్పును కాచుకోనిదే దెబ్బ వెయ్యరు. తోలుకు ఇచ్చే మర్యాద పిల్లల వేళ్ళకు ఇవ్వలేమా?

చేతులు మొరాయించడం మహా విద్వాంసులకే తప్పలేదు. 1810లో పుట్టిన జర్మన్ సంగీతకర్త షూమన్ కుడిచేతి వేళ్ళు చెడి, పియానో విద్వాంసుడు కావాలన్న ఆశ వదులుకుని సంగీత రచన వైపు మళ్ళాడు. అమెరికా పియానిస్టు లియాన్ ఫ్లైషర్‌కు 1960లలో కుడిచేతి చివరి రెండు వేళ్ళు వాటంతటవే ముడుచుకుపోయాయి. ఆయన దశాబ్దాల పాటు ఎడమచేతికే రాసిన రచనలు వాయిస్తూ, పాఠాలు చెబుతూ గడిపాడు. భయపెట్టడానికి చెప్పడం లేదు. నొప్పిని ఓర్చుకోవడమే సాధన అని మన ఇళ్ళలో చెప్పే మాట ఇక్కడ పనికిరాదని చెబుతున్నాను. అలసట వేరు, నొప్పి వేరు. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకొకసారి లేచి తిరగాలి. నొప్పి వస్తే ఆ రోజుకు మూత వేయాలి. తిమ్మిరి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. పుత్తూరు కట్టు కట్టించమని ముగ్గురు సలహా ఇచ్చారు. ఆ కట్టు మీద నాకూ గౌరవమే, కానీ అది ఎముక విరిగినప్పటి మాట.

ఇక ఇంటి అలవాట్ల సంగతి ఎంతో మర్యాదగా మనవి చేస్తున్నాను. ట్యూషన్ నుంచి వచ్చి చెప్పులైనా విప్పని పిల్లను "ఏదీ, మామయ్యకు ఒక పాట వాయించు" అని చుట్టాల ముందు నిలబెట్టకండి. మామయ్య కాఫీ తాగేదాకా ఆగగలరు. రాత్రి పదకొండు వరకు బొటనవేళ్ళతో ఫోను గేములాడి, పొద్దున్నే వేళ్ళు పట్టేశాయంటే టీచరును అడిగి లాభం లేదు. కీబోర్డును బల్ల మీద, ముంజేయి మెట్లతో సమంగా వచ్చే ఎత్తులో పెట్టండి. కాళ్ళు అందకపోతే కింద ఒక పీట వేయండి. పీట లేని ఇల్లు మన నెల్లూరులో ఉందనుకోను.

ఏడో తరగతి బాబు ఒకడు రోజూ చిన్న ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చుకుంటాడు. పేరు రాస్తే వాళ్ళ నాయనమ్మ దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు చాలవంటారు కనుక రాయను. ఆ నీళ్ళను చన్నీళ్ళలో కలిపి చేతులు ముంచుకుని, బస్సు దిగాక పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా స్వరాలు మాత్రమే వాయిస్తాడు. వాడిని చూసి నాలుగో తరగతి పిల్లలు ప్రార్థన వరుసలో వేళ్ళు విదిలిస్తుంటే నాకు నవ్వాగలేదు. ఇక మన తొమ్మిదో తరగతి అమ్మాయి ఊరికే కూర్చోలేదు. డాక్టరుగారిని అడిగి, మొన్న సోమవారం ప్రార్థన గీతానికి ఎడమచేత్తో మాత్రమే మంద్రస్వరాలు పట్టింది. కుడిచెయ్యి వీపు వెనక దాచుకుంది. వెనక వరుసలో నిలబడ్డ మా లెక్కల మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకోవడం చూశాను.

సంక్రాంతి సెలవుల తేదీలు డైరీలో రాయించాం. ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకం చేసి పంపండి, ఫీజు బకాయిలు ఆఫీసులో కట్టండి. కావలి వైపు బస్సు పది నిమిషాలు ముందు బయలుదేరుతుంది.

ఈ సోమవారం నుంచి పియానో తాళం సంగీతం టీచరు దగ్గర ఉంటుంది. వేళ్ళు కాచుకున్నట్టు ఆమె చూశాకే మూత తెరుస్తారు. హాలులో ఏసీ ఇకపై 26. గోళ్ళు పెరిగితే వేలు మెట్టు మీద చదునుగా పడుకుంటుంది, వేలి కొస ఆనదు. అందుకని హాలు గుమ్మం దగ్గర నెయిల్ కట్టర్‌ను దారం కట్టి వేలాడదీశాము. పోయిన నెల పెట్టిన రెండూ ఎవరి సంచుల్లోనో ఇళ్ళకు చేరాయి. ఒకసారి వెతికి పంపితే సంతోషిస్తాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు