కోడి కూయకముందే బడి వ్యాను

సంపాదకులకు,

ఈ కాలం పిల్లలు ఫోన్లు పట్టుకుని అర్ధరాత్రి దాకా మేలుకుని, తూలుతూ బడికి వస్తున్నారని పది రోజుల కిందట మీ పత్రికలో ఒక పెద్దమనిషి వాపోయారు. ఎందుకులే అని ఊరుకున్నాను. ఈ ఉదయం మనవడిని వ్యాను ఎక్కించి వచ్చాక ఊరుకోలేకపోయాను.

వాడిది తొమ్మిదో తరగతి. వ్యాను 6.40కి వీధి మొగదలకు వస్తుంది కాబట్టి 5.30కి లేపాలి. నోట్లో ఇడ్లీ, కళ్ళలో నిద్ర. రాత్రి ట్యూషను, హోంవర్కు ముగిసేసరికి 11. ఫోను సంగతి తర్వాత, ముందు ఈ లెక్క చూడండి: ఆరున్నర గంటలు. ఆ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు వైద్యులు. పెందలాడే పడుకోబెట్టినా లాభం లేదు. నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆ ఈడులో ఆలస్యంగా ఊరుతుంది. దానికి బద్ధకమని పేరు పెట్టాం.

మన తెలంగాణలో 2024 జులైలో ఏం చేశారు? ప్రాథమిక పాఠశాలలు 9కే మొదలవుతున్నాయి కదా అని, 9.30కి ఉన్న ఉన్నత పాఠశాలలను కూడా 9కే జరిపారు. తెల్లవారకముందే లేచి ఇల్లు పీకి పందిరేసే చిన్నవాళ్ళకూ, లేవలేని పెద్దపిల్లలకూ ఒకటే గంట! పోనీ ఆ 9 అయినా మావాడికి దక్కిందా? వాడి ప్రైవేటు బడిలో 7.30కే గంట కొడతారు. అడిగే నాథుడు లేడు.

కాలిఫోర్నియాలో హైస్కూళ్ళు 8.30కి ముందు మొదలుపెట్టకూడదన్న చట్టం 2022 నుంచి అమలవుతోంది. సియాటెల్‌లో బడిని దాదాపు గంట ఆలస్యంగా మొదలుపెడితే పిల్లల నిద్ర సగటున 34 నిమిషాలు పెరిగింది. ఫ్లోరిడా కూడా చట్టం చేసి, బస్సులూ ఖర్చులూ కుదరవని 2025లో రద్దు చేసుకుంది. కనీసం అక్కడ కూర్చుని మాట్లాడుకున్నారు. ఇక్కడ ఉత్తర్వు దిగుతుంది, అంతే.

ఆ ఉత్తర్వులిచ్చే వారి సమయపాలన చూద్దామా? పింఛను కాగితం కోసం మూడుసార్లు తిరిగాను. 11 దాటినా ఫ్యాను తిరుగుతూనే ఉంది, కుర్చీ మాత్రం ఖాళీ. వారి నిద్రకు ఏ లోటూ రాకూడదు మరి.

నేనూ తక్కువ తినలేదు. 31 ఏళ్ళు లెక్కలు చెప్పాను. మొదటి పీరియడులో బల్ల మీద తల వాల్చిన పిల్లలపై ఎన్ని సుద్దముక్కలు విసిరానో లెక్కలేదు.

రేపు మావాడికి యూనిట్ పరీక్ష. వ్యాను పావుగంట ముందే వస్తుందట.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ