పెట్టె మీద వాట్లు పూర్తి లెక్కతో రాయాలి

సంపాదకులకు నమస్కారం.

దసరా, సంక్రాంతి దగ్గరపడితే విజయనగరం దుకాణాలలో హోమ్ థియేటర్ల అమ్మకాలు జోరందుకుంటాయి. కొనేవారు పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న వాట్ల అంకెనే చూస్తారు గాని, ఆ అంకెను ఏ పరిస్థితిలో కొలిచారో అడగరు. ద్వారం వేంకటస్వామి నాయుడుగారు సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఊరిలో ధ్వనిని ఇలా అంకెల గొప్పతో అమ్మడం బాధ కలిగిస్తోంది.

పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) పేరుతో వేసే వేల వాట్లకు అందరూ అంగీకరించిన కొలత పద్ధతి ఏదీ లేదు. ధ్వని సంకేతాన్ని పెంచి స్పీకర్లకు పంపే యాంప్లిఫయర్ ఎడతెగక ఇవ్వగలిగే శక్తిని తెలిపేది ఆర్‌ఎంఎస్ అంకె. కరెంటు నుంచి తీసుకునే దానికంటే ఎక్కువ శక్తిని ఏ యంత్రమూ ఎడతెగక బయటికి ఇవ్వలేదు కనుక, వెనుక పట్టీ మీద 60 వాట్ల వినియోగం అని ఉండి ముందు 2000 వాట్లు అని రాసి ఉంటే ఏది నమ్మాలో కొనేవారే తేల్చుకోవచ్చు. ఆర్‌ఎంఎస్ అని రాసినా అనుమానం పూర్తిగా తీరదు. ఛానెల్‌కు, అంటే ఒక్కో స్పీకర్ వరుసకు, 100 వాట్లన్న రిసీవర్‌ను (యాంప్లిఫయర్ ఉండే ప్రధాన యంత్రాన్ని) చాలాసార్లు రెండు ఛానెళ్లు మాత్రమే నడిపి కొలుస్తారు. అయిదు ఛానెళ్లూ ఒకేసారి నడిస్తే ఆ అంకె తగ్గుతుంది. ఆరు ఓమ్‌ల (విద్యుత్తుకు స్పీకర్ ఇచ్చే అడ్డు) దగ్గర, పది శాతం వక్రీకరణను (ధ్వని అసలు రూపు చెడడాన్ని) అనుమతించి కొలిచిన అంకె, ఎనిమిది ఓమ్‌ల దగ్గర ఒక శాతం లోపు వక్రీకరణతో కొలిచిన అంకె కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

స్పీకర్ 150 వాట్లు తట్టుకుంటుంది కాబట్టి 30 వాట్ల రిసీవర్‌తో దానికి ప్రమాదమే లేదన్న నమ్మకం మనవైపు బలంగా ఉంది. ఇది సరికాదు. చిన్న యాంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి పెంచితే ధ్వని తరంగం శిఖరాలు తెగి చదునవుతాయి. దీనినే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు సగటు శక్తి పెరగడమే కాక, కొత్తగా పుట్టిన హెచ్చు పౌనఃపున్యాలు పౌనఃపున్యాలను విడదీసి పంచే క్రాస్‌ఓవర్ దాటి, హెచ్చు స్వరాలు పలికే చిన్న స్పీకర్ అయిన ట్వీటర్‌కు చేరతాయి. వెంట్రుకంత సన్నని దాని వాయిస్ కాయిల్ (తీగచుట్ట) ఆ వేడికి కాలిపోతుంది. తగ్గు స్వరాలు పలికే వూఫర్ బాగానే ఉండి ట్వీటర్ మాత్రం మూగబోయిన స్పీకర్ విషయంలో మొదట అనుమానించవలసింది దీనినే. స్పీకర్ ఆర్‌ఎంఎస్‌కు సమానంగానో కాస్త ఎక్కువగానో శక్తి ఉన్న రిసీవర్‌ను తీసుకొని, శబ్దం చీలినట్టు వినబడగానే వాల్యూమ్ తగ్గించడం మేలు. మరీ పెద్ద రిసీవర్‌ను అదుపు లేకుండా వాడినా కాయిల్ కాలుతుంది. నాలుగు ఓమ్‌ల స్పీకర్ ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక ఆ సంగతీ ముందే చూసుకోవాలి.

శబ్దం ఎంత పెద్దగా వినిపిస్తుందన్నది స్పీకర్ సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి ఎంత శబ్దం చేస్తుందన్న కొలత) మీద కూడా ఆధారపడుతుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెళ్లే. అందువల్ల ఒక వాట్‌కు, ఒక మీటరు దూరంలో 90 డెసిబెళ్లు ఇచ్చే స్పీకర్ 50 వాట్లతో చేసే పనికి, 87 డెసిబెళ్ల స్పీకర్‌కు 100 వాట్లు కావాలి. అమ్మేటప్పుడు ఈ అంకెను చెప్పేవారు చాలా తక్కువ.

అమెరికాలో యాంప్లిఫయర్ శక్తి ప్రకటనలపై 1974 నుంచే నిబంధన ఉంది; 2024లో కొలిచే పరిస్థితులను మరింత కచ్చితం చేశారు. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ముఖ్య సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచే ప్రకటనను తప్పుదారి పట్టించేదిగానే పరిగణిస్తుంది. కాబట్టి ఎన్ని ఛానెళ్లు, ఎన్ని ఓమ్‌లు, ఎంత వక్రీకరణ అన్న వివరాలు వాట్ల అంకె పక్కనే అంతే పెద్ద అక్షరాలతో ఉండేలా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించాలని, పీఎంపీఓ అంకెలతో ప్రకటనలు కనిపిస్తే పాఠకులు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయనగరం.